మూడో క్రోమోజోమ్ మీద మకాం పెట్టిన నియాండర్తల్ ముక్క గారికి

మహారాజశ్రీ ముక్క గారికి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు, సుమారు 50 వేల ఏళ్లుగా అద్దె కట్టకుండా, ఒక్కసారి సున్నం కూడా వేయించకుండా మనుషుల ఒంట్లో దర్జాగా కూర్చున్నవాళ్లకి ఏం లోటని. (తెలీనివాళ్ల కోసం: నియాండర్తల్ అంటే ఎప్పుడో అంతరించిపోయిన మన దాయాది మనుషులు, మీరు వాళ్ల నుంచి మాకు సంక్రమించిన డీఎన్ఏ ముక్క, మీరున్నవాళ్లకి కోవిడ్ వస్తే ముదిరే ప్రమాదం ఎక్కువ.)

మా ఇంట్లో ఎవరెవరిలో ఉన్నారో మాత్రం తెలీదు, పరీక్ష చేయించలేదు. దక్షిణాసియాలో దాదాపు సగం మంది ఒంట్లో మీ కాపీ కనీసం ఒకటైనా ఉందని, యూరప్‌లో అది 16 శాతం మందికేనని 2020లో హ్యూగో జెబర్గ్, స్వాంటే పాబో అనే జన్యు శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. (ఆ పాబో గారికే 2022లో నోబెల్ కూడా వచ్చింది, అచ్చంగా మీకోసం కాదులెండి, మీ వంశం గుట్టంతా లాగినందుకు.) క్రొయేషియాలో ఒక గుహలో దొరికిన నియాండర్తల్ ఎముకలో మీ పోలిక అచ్చుగుద్దినట్టు ఉందట. బంగ్లాదేశ్‌లోనైతే 63 శాతం మందిలో ఉన్నారు. అది వాళ్ల గొడవ, మనకేంటి అందామంటే, ఆ శాస్త్రవేత్తలు లెక్కకు తీసుకున్న, రకరకాల దేశాల మనుషుల డీఎన్ఏ చదివిన వెయ్యి జీనోమ్‌ల ప్రాజెక్టులో బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్ల నమూనాలు కూడా ఉన్నాయి. తప్పించుకునే దారి లేదు.

అసలు సంగతికొస్తాను. 2021 మే నెల. మా తమ్ముడికి 36 ఏళ్లు, తెల్లారకముందే నడక, గోరువెచ్చటి నీళ్లలో నిమ్మకాయ, రెండు పూటలా కషాయం, గిన్నె అడుగున మిరియాలు మిగిలితే అవి కూడా నమిలేసే రకం. మా పెద్ద మామయ్యకి షుగరు, రోజుకో పెట్టె సిగరెట్లు, ఆ నెలలోనే రెండు పెళ్లిళ్లు తిరిగొచ్చాడు, మాస్కు గడ్డం కిందే ఉండేది. ఇద్దరికీ ఒకే వారంలో పాజిటివ్. మామయ్యకి రెండు రోజులు ఒళ్లు నొప్పులు, మూడోరోజు చికెన్ కూరకి వాసనే లేదని అత్తయ్య మీద కేకలు, అంతే, అయిపోయింది. తమ్ముడి వేలికి ఆక్సీమీటర్ పెడితే 94, గంటకి 91. మిషన్ చెడిపోయిందేమోనని నా వేలికి పెట్టుకుని చూశాను, 98. మళ్లీ వాడికి పెడితే 88.

పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి ఇంటికొచ్చాడు. ఇక చూడండి పరామర్శలు. "ఫ్రిజ్ నీళ్లు తాగాడా?" "మరీ టెన్షన్ పడే మనిషి కదా, అందుకే." "చిన్నప్పుడు చద్దన్నం తింటే ఇంత దూరం వచ్చేది కాదు." ఈ చివరి మాట మామయ్యదే. జబ్బు ఎంత ముదిరిందన్నది పదో తరగతి మార్కుల్లా అయిపోయింది, మామయ్య స్టేట్ ఫస్ట్, మావాడు ఫెయిల్.

ఒక్కరంటే ఒక్కరు మీ పేరెత్తలేదండీ. ఒకే అమ్మ, ఒకే నాన్న, ఒకే పప్పుచారు తిని పెరిగిన మా అన్నదమ్ముల్లో కూడా మీరు ఒకరికి దక్కి ఇంకొకరికి దక్కకపోవచ్చు, బొమ్మా బొరుసే. అర ఎకరం గట్టు కోసం కోర్టుకెళ్లే వంశం మాది, ఈ ఆస్తిలో వాటా ఎవరికొచ్చిందో ఎవరూ అడగలేదు. పైగా మీరు పనిచేసేది ఊపిరితిత్తుల లోపలి పొర కణాల్లో అయ్యుండాలని 2021లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు చెప్పారు. అక్కడికి ఏ కషాయం వెళ్తుంది?

అన్ని తప్పులూ మీ నెత్తినే రుద్దడం లేదు. వయసు, షుగరు లాంటివాటి ముందు మీరు చిన్నవాళ్లే, లెక్కప్రకారమైతే ఆ ఆక్సిజన్ మంచం మామయ్యకే రావాలి. ఇంకో అనుమానితుడు కూడా ఉన్నాడు. వైరస్ దూరగానే కణాలు ఇంటర్ఫెరాన్ అని ఒక కేక వేస్తాయి, అది విని పక్క కణాలు తలుపులేసుకుంటాయి. ప్రాణం మీదికొచ్చిన కోవిడ్ రోగుల్లో సుమారు 10 శాతం మందికి ఆ కేకనే నొక్కేసే యాంటీబాడీలు వాళ్ల ఒంట్లోనే ఉన్నాయని 2020లో బయటపడింది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, పరిశోధకులు రక్తపరీక్షలో పట్టుకున్నారు.

ఇంకో వింత చెప్పనా. ఆసుపత్రి బయట నిలబడి మేమంతా "ఇమ్యూనిటీ పెరగడానికి ఏమైనా ఇవ్వండి సార్" అని డాక్టరు గారి ప్రాణం తీస్తుంటే, లోపల ఆయన వాడికి ఎక్కిస్తున్నది డెక్సామెథసోన్, అంటే ఇమ్యూనిటీని అణిచే మందు. రెండో వారంలో ఊపిరితిత్తుల్ని పాడుచేసేది చాలావరకు మన ఇమ్యూనిటీ వేసే వీరంగమేనట. అప్పటికి మేం బూస్టర్ పొడుల మీద పెట్టిన డబ్బుతో ఇంకో రెండు ఆక్సీమీటర్లు వచ్చేవి.

మీ చుట్టాలు పన్నెండో క్రోమోజోమ్ మీద కూడా ఉన్నారు, వాళ్లు నయం, జబ్బు ముదిరే ప్రమాదాన్ని 22 శాతం దాకా తగ్గిస్తున్నారు. ఒకే నియాండర్తల్ కొంపలోంచి వచ్చి ఒకరు ఇల్లు కాస్తుంటే ఇంకొకరు నిప్పు పెడుతున్నారు, దాయాదులంటే ఇలాగే ఉంటారు మరి. కాకపోతే మీరున్నవాళ్లకి హెచ్ఐవీ సోకే ప్రమాదం 27 శాతం తక్కువని కూడా తేలింది కాబట్టి దాన్ని అద్దె బకాయిలో జమ వేసుకుంటున్నాను. మిగతాది ఎప్పుడు కడతారో కబురు పెట్టండి.

మొన్న ఆదివారం భోజనాల దగ్గర మామయ్య మళ్లీ చద్దన్నం ఉపన్యాసం మొదలుపెట్టాడు, చేతిలో సిగరెట్టుతోనే. తమ్ముడు ఏమీ అనలేదు, ఇంకాస్త పప్పు వేయించుకున్నాడు.

ఇట్లు,
మీరు లోపలున్నారో లేరో తెలియని ఇంటి ఓనరు