సవరణ: 'సుప్రీంకోర్టు' అన్న మాట ఎగిరిపోయింది

నిన్నటి పోస్టులో "దేశంలో మొదటి మహిళా జడ్జి ఫాతిమా బీవీ" అని రాసేశాను. తప్పు. పొద్దున్నే ఒంగోలు కోర్టు దగ్గర టీ బంకులో మా సీనియర్ వకీలుగారు ఫోన్ నా ముందుకు తోసి, "ఏమ్మా, అన్నా చాందీని ఎక్కడ పెట్టావు?" అన్నారు. చేతిలో టీ చల్లారిపోయింది.

ఫాతిమా బీవీ 1989లో సుప్రీంకోర్టుకు వచ్చిన మొదటి మహిళ. అన్నా చాందీ అంతకు యాభై ఏళ్ల ముందే, 1937లో, తిరువాన్కూరు సంస్థానంలో మున్సిఫ్, అంటే కింది కోర్టు జడ్జి. 1948లో జిల్లా జడ్జి. 1959లో కేరళ హైకోర్టుకు వెళ్లి 1967 దాకా పనిచేశారు. దేశంలో హైకోర్టు జడ్జి అయిన మొదటి మహిళ ఆవిడే.

పాత పోస్టులో లైను మార్చాను. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నవాళ్లు నోట్సులో కూడా కొట్టేసి రాసుకోండి.