గన్నవరం దాకా ఎందుకు, పటమట ఉండగా

విజయవాడ పొలిమేర దాటితే గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. అక్కడ పిల్లలు అయిదున్నరేళ్లు చదివితే గానీ కుక్కకు సూది వేసే అర్హత రాదట. ఇంత దండగమారి చదువు మరొకటి లేదు. మా పటమట అపార్ట్‌మెంటు సెల్లారులో, వాచ్‌మన్ మంచం పక్కనున్న నాలుగు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుంటే ఆ విద్య మొత్తం ఒక్క సాయంత్రంలో పట్టుబడుతుంది. టీ డబ్బులు ఎవరివి వారివే.

ఆ కుర్చీల మండలికి నేను కార్యదర్శిని. అధ్యక్షులు రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన జన్మలో కుక్కను పెంచలేదు, అందుకే పక్షపాతం లేకుండా మాట్లాడతారు. మందుల డబ్బా మూడో అంతస్తు బ్యాంకు ఆయన దగ్గర ఉంటుంది కాబట్టి ఆయన కోశాధికారి. మా లాబ్రడార్ రాజా శాశ్వత ఆహ్వానితుడు, ఓటు హక్కు లేదు.

మా వైద్యశాస్త్రం ప్రకారం లోకంలో ఉన్నవి రెండే రోగాలు: వేడి చేయడం, దిష్టి తగలడం. దీన్ని కాదని డాక్టర్లు ఊళ్లో ప్రచారం చేస్తున్న మూఢనమ్మకాలను నలుగురి దృష్టికీ తేవడం నా ధర్మం.

మొన్న మే నెలలో రాజా చెవులు పట్టుకుంటే కాలుతున్నాయి. థర్మామీటరు ఎక్కడ పెట్టాలన్న దాని మీద ముప్పావు గంట చర్చ జరిగింది. చివరికి వాచ్‌మన్ ధైర్యం చేశాడు. 101.8 చూపించింది. మనిషికైతే మంచం ఎక్కే జ్వరం! డాక్టరుగారికి ఫోను చేస్తే, "కుక్కకు 101 నుంచి 102.5 దాకా మామూలేనండీ" అన్నారు తాపీగా. మన ఇంట్లో ఉంటూ, మన కరెంటు బిల్లు మీద ఏసీలో పడుకుంటూ, ఒంటి వేడి మాత్రం సొంతంగా పెట్టుకుంటుందా? అంతటితో ఆగకుండా, మనుషుల మాత్రలు వేయొద్దని కూడా చెప్పారు. పిల్లికైతే ఒక్క పారాసిటమాల్ మాత్ర ప్రాణం మీదికి తేగలదట. దాని కాలేయం ఆ మందును వదిలించుకోలేదట, నెత్తురు గోధుమరంగుకు తిరుగుతుందట. డబ్బా నిండా షీట్లు దాచుకున్న కోశాధికారి గారి మనసు ఎంత నొచ్చుకుందో ఆ డాక్టరు ఆలోచించలేదు.

పైగా ఎండలో తిప్పొద్దట. కుక్కకు అరికాళ్లలో తప్ప చెమట పట్టదని, నాలుక చాచి రొప్పడమే దాని ఫ్యానని, మధ్యాహ్నం తారురోడ్డు మీద పాదాలు బొబ్బలెక్కుతాయని ఆయన వాదన. మాస్టారు ఒంటిగంటకు రాజాను బెంజి సర్కిల్ దాకా స్వయంగా తిప్పి వచ్చి, రోడ్డు అసలు కాలడం లేదని ధ్రువీకరించారు. ఆయన కాళ్లకు చెప్పులున్నాయి.

భవానీపురంలో మా బావమరిది హస్కీని కొన్నాడు. సైబీరియా మంచులో బండి లాగాల్సిన ప్రాణిని బెజవాడ ఎండకు తెచ్చాక ఇక బొచ్చు ఎందుకు, గుండు కొట్టించమని మండలి సలహా ఇచ్చింది. ఆ రెండు పొరల బొచ్చే ఎండను కూడా ఆపుతుందని, గొరిగితే తోలు కమిలిపోతుందని డాక్టరు అడ్డుపడ్డారు. ఏటా తిరుపతిలో గుండు చేయించుకుంటున్న జాతి మనది. ఎవరు కమిలిపోయారు?

తిండి సంగతి ఎత్తితే మరీ ఘోరం. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్రరక్తకణాలను చితక్కొడతాయట. ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీలను పాడుచేస్తాయట. సత్యనారాయణ వ్రతం ప్రసాదంలో కిస్‌మిస్ ఏరి మరీ పెట్టాలంటే అది వైద్యం కాదు, నాస్తికత్వం.

ఇంట్లో ఉండే కుక్కకు రేబిస్ టీకా అనవసరమని మండలి ఏకగ్రీవంగా తీర్మానించింది. 'బయటివారికి ప్రవేశం లేదు' అన్న బోర్డు చదువుకుని వీధికుక్కలు మా గేటు దగ్గరే ఆగిపోతాయి. ఒకవేళ ఏదైనా మనల్ని కరిస్తే కారం అద్దుతాం, లేదా సున్నం రాస్తాం. సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు ధారగా నీళ్ల కింద కడగాలని, ఆ రోజే టీకాలు మొదలుపెట్టాలని, రోగం బయటపడ్డాక ఎవరూ ఏమీ చేయలేరని డాక్టర్ల పాట. 1885లో ఆ టీకాను మొదటిసారి ఒక పిల్లవాడికి వేయించిన పాస్చర్ మాత్రం వైద్యుడా? రసాయన శాస్త్రవేత్త! ఆయన ఏళ్ల తరబడి ప్రయోగశాలలో కూర్చున్నాడు, మేం ఏళ్ల తరబడి సెల్లారులో కూర్చున్నాం.

వానలు పడ్డాక రాజాకు గోమార్లు పట్టాయి. "మా నాన్నగారు గేదెలకు కిరసనాయిలు రాసేవారు" అన్నారు మాస్టారు. రాశాం. గోమార్ల మాట ఎలా ఉన్నా పొట్ట కింద తోలు పొక్కి ఊడింది. పదిరోజుల తర్వాత తిండి మానేశాడు. ముక్కులోంచి నెత్తురు కారింది. వేడి చేసిందని తేల్చి మజ్జిగ, సబ్జా గింజలు, బార్లీ నీళ్లు పట్టించాం. మూడో రోజు వాడు లేచి నిలబడలేక నా పాదాల మీద తల పెట్టి పడుకుంటే, కోరం లేకుండానే నేనూ వాచ్‌మనూ దుప్పట్లో ఎత్తి ఆటోలో వేసుకుపోయాం.

రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు అడుగంటాయి. గోమారు కాటుతో వచ్చే ఎర్లిఖియా అన్నారు. డాక్సీసైక్లిన్ 28 రోజులు ఒక్కపూట కూడా మానకుండా వేయమన్నారు. "ఇన్నాళ్లూ ఏం చేశారండీ?" అని అడిగారు. సబ్జా గింజల సంగతి చెప్పలేదు. చెబితే అర్థం చేసుకునే చదువు కాదు ఆయనది.

చీటీ మండలి ముందుకు వచ్చింది. కుక్క బరువు మనిషిలో సగం కాబట్టి రోజులూ సగమే చాలని మాస్టారు లెక్క కట్టారు. అంతదాకా పోనే లేదు. అయిదో రోజున రాజా లేచి పెరుగన్నం గిన్నె నాకి తోక ఊపాడు. తోక ఊపాక ఇంకా మందేమిటని సభ్యులందరూ ఒక్క గొంతుతో అన్నారు. మిగిలిన 23 రోజుల మాత్రలు డబ్బాలోకి చేరాయి, ఎప్పుడు ఎవరికి పనికొస్తాయో.

నాలుగో అంతస్తు వాళ్ల పిల్లి నిన్నటి నుంచి పాలు ముట్టడం లేదట, ఒళ్లు వెచ్చగా ఉందట. రాత్రి ఎనిమిదింటికి సమావేశం. కోశాధికారి గారు పారాసిటమాల్ షీటు తెస్తున్నారు. చిన్న ప్రాణి కదా, సగం మాత్రే వేద్దామంటున్నారు మాస్టారు.