ఫుగాజీ మెత్తబడిందన్న మాటకు జవాబు

పంక్ రాక్ నుంచి పుట్టిన పోస్ట్-హార్డ్‌కోర్ సంగీతం వినేవాళ్ళ మధ్య ఒక మాట ఏళ్ళ తరబడి నలుగుతూనే ఉంది. "కొత్త ఆల్బమ్‌లో అరుపు తగ్గిందంటే ఆ బ్యాండ్ పని అయిపోయినట్టే. అమెరికా బ్యాండ్ ఫుగాజీనే చూడండి. మొదట్లో నిప్పులు కక్కారు. 2001లో 'ది ఆర్గ్యుమెంట్' ఆల్బమ్ దగ్గరికొచ్చేసరికి చెల్లో అనే పెద్ద వయొలిన్, పియానో, ఆడగొంతులు. మూలాలు వదిలేశారు, నలుగురికీ నచ్చాలని చూశారు, రాజకీయం పక్కన పెట్టారు. ఏడాది తిరక్కుండానే దుకాణం కట్టేశారు." ఏ బ్యాండ్ కాస్త నెమ్మదైన ఆల్బమ్ తెచ్చినా ఈ కథ మళ్ళీ బయటికొస్తుంది. తేదీలు చూస్తే నిజమే అనిపిస్తుంది కూడా. ఆల్బమ్ 2001 అక్టోబరు 16న వచ్చింది. బ్యాండ్ ఆఖరి కచేరీ 2002 నవంబరు 4న లండన్‌లో జరిగింది. "ఏడాది తిరక్కుండానే" అన్నది రెండు మూడు వారాల తేడాతో తప్పు, అంతే. ఆ మాత్రం వదిలేద్దాం. మిగతాది మాత్రం వదలలేను.

ముందు "మూలాలు" సంగతి. ఏ మూలాలు? వాషింగ్టన్ డీసీలో, ఫుగాజీ గాయకుడు ఇయాన్ మకై 1980ల మొదట్లో పాడింది మైనర్ థ్రెట్ అనే బ్యాండ్‌లో. అది అసలు సిసలు హార్డ్‌కోర్, అంటే మహా వేగంగా అరుస్తూ వాయించే పంక్. వాళ్ళ 'స్ట్రెయిట్ ఎడ్జ్' పాట నిమిషం కూడా ఉండదు, వినేవాడు ఊపిరి తీసుకునేలోపు అయిపోతుంది. ఆ బ్యాండ్ 1983లో ఆగింది. ఆ తర్వాత అక్కడి షోలు పాట కంటే కొట్లాటలకే పేరుబడ్డాయి. అది నచ్చని కుర్రాళ్ళే 1985 ఎండాకాలం నాటికి కొత్త బ్యాండ్లు కట్టి, వేరే రకం సంగీతం మొదలుపెట్టారు. గీ పిచోటో, బ్రెండన్ కాంటీ ఉన్న రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ అలా వచ్చిందే. మకై పెట్టిన ఎంబ్రేస్ కూడా అంతే. పిచోటో, కాంటీలతో, బేస్ గిటార్ వాయించే జో లాలీతో కలిసి మకై నడిపిన బ్యాండే ఫుగాజీ. 1987 సెప్టెంబరు 3న తొలి షో ఇచ్చేనాటికే, మైనర్ థ్రెట్ కోసం వచ్చినవాడి చెవికి అది "మెత్తబడిన" సంగీతమే! స్టూజెస్ అనే పాత రాక్ బ్యాండ్‌కి జమైకా రెగే సంగీతం కలిపితే ఎలా ఉంటుందో అలాంటిది కావాలని మకై అప్పట్లోనే చెప్పుకున్నాడు. పోస్ట్-హార్డ్‌కోర్ అన్న పేరులో "పోస్ట్" అంటే తర్వాత అని కదా. హార్డ్‌కోర్‌ని దాటి రావడమే దీని పుట్టుక. దాటి వచ్చినవాడిని పట్టుకుని దాటావేం అని అడిగితే ఏం చెబుతాడు?

అందరికీ తెలిసిన 'వెయిటింగ్ రూమ్' పాటనే తీసుకోండి. 1988 నాటిది, మొదటి రికార్డులోని మొదటి పాట. అరుపుతో మొదలవదు. లాలీ బేస్ గిటార్ ఒక్కటే నడుస్తుంది, దాని మీద గిటార్, డ్రమ్స్ చేరతాయి. ఇక మొదలైందిరా అనుకునే లోపు మొత్తం బ్యాండ్ ఠక్కున ఆగిపోతుంది. నిశ్శబ్దం. మొదటిసారి విన్నప్పుడు నా హెడ్‌ఫోన్ వైరు ఊడిందనుకున్నాను. ఆ ఖాళీ తర్వాత పాట తిరిగి అందుకున్నప్పుడు వచ్చే ఊపు ఉంది చూశారూ, ఎంత గొంతు చించుకున్నా అది రాదు. అదే రికార్డులో 'సజెషన్' ఉంది. వీధిలో మగవాళ్ళ చూపులూ చేతులూ భరించే ఆడమనిషి వైపు నుంచి చెప్పిన పాట, నడక రెగేది. అంటే ఆపడం, ఖాళీ వదలడం, బేస్‌తో పాటను మోయించడం అనేవి 2001లో వచ్చిన జబ్బులు కావు. తొలిరోజు నుంచీ వాళ్ళ పద్ధతి అదే.

తర్వాతి రికార్డులు వరసగా వింటే ఇంకా తెలుస్తుంది. పిచోటో మొదట్లో గిటారే పట్టలేదు, పాడేవాడు, వేదిక మీద ఒళ్ళు తెలియకుండా ఊగిపోయేవాడు. 1990లో 'రిపీటర్' నుంచి అతని గిటార్ కూడా చేరింది. రెండు గిటార్లూ ఒకే మాట చెప్పకుండా ఒకదానితో ఒకటి వాదులాడుకుంటున్నట్టు ఉండడం అక్కడ మొదలైంది. ఆ ఆల్బమ్ చివరి పాట 'షట్ ద డోర్' సగం గుసగుసే. 1995లో 'రెడ్ మెడిసిన్' వచ్చేసరికి పిచోటో క్లారినెట్ ఊదాడు, పాటల మధ్య టేపు చప్పుళ్ళు చేరాయి. 1998 నాటి 'ఎండ్ హిట్స్'లో సాగదీత కొంచెం ఉంది, నేనూ ఒప్పుకుంటాను. 1999లో జెమ్ కోహెన్ ఈ బ్యాండ్ మీద తీసిన డాక్యుమెంటరీ కోసం ఇచ్చిన సంగీతంలో మకై ఒంటరిగా పియానో ముందు కూర్చుని ఒక పాట పాడాడు. కాబట్టి 'ది ఆర్గ్యుమెంట్'లో పియానో వినపడగానే ఉలిక్కిపడ్డవాళ్ళు మధ్యలో పదేళ్ళు వినడం మానేసి ఉండాలి.

ఇక "అరుపు పోయింది" అనే మాట. ఇది ఆల్బమ్ వినకుండా చెప్పే మాట. 'ఫుల్ డిస్‌క్లోజర్' మొదలయ్యేదే పిచోటో గొంతు చీల్చుకోవడంతో. నాకు ఇందులోంచి బయటపడాలనుంది అని అరుస్తాడు, గిటార్లు అతన్ని తరుముతుంటాయి. 'ఎక్స్-స్పెక్టేటర్'లో కాంటీ పక్కన జెర్రీ బషర్ రెండో డ్రమ్ సెట్ మీద కూర్చుంటాడు. రెండు జతల చేతులు కలిసి కొడుతుంటే అది మెత్తగా ఎలా వినపడిందో నాకు అర్థం కాదు. చెల్లో ఉంది, నిజమే, ఎమీ డొమింగెజ్ వాయించింది. క్యాథీ విల్కాక్స్, బ్రిడ్జెట్ క్రాస్ గొంతులూ ఉన్నాయి. కానీ ఆ విల్కాక్స్ ఎవరు? ఆడవాళ్ళ తరఫున గొంతెత్తిన పంక్ బ్యాండ్ బికినీ కిల్‌లో బేస్ వాయించిన మనిషి. ఆమెను పిలిచింది పాటకు తీపి పూయడానికి అంటే నేను నమ్మను.

ఇంకో సంగతి ఈ కథ చెప్పేవాళ్ళు ఎప్పుడూ ఎత్తరు. ఆల్బమ్‌తో పాటే బ్యాండ్ 'ఫర్నిచర్' అని మూడు పాటల చిన్న రికార్డు కూడా విడుదల చేసింది. అందులో మొదటి పాట 'ఫర్నిచర్' కొత్తది కాదు. బ్యాండ్ 1988 జనవరిలో ఇన్నర్ ఇయర్ స్టూడియోలో చేసిన మొట్టమొదటి డెమోలోనే, అంటే నమూనా రికార్డింగ్‌లోనే, అది ఉంది. ఆ డెమోను 2014లో బయటపెట్టారు, రెండూ పక్కపక్కన పెట్టుకుని వినొచ్చు. పాత దారిని మరిచిపోయినవాళ్ళు పదమూడేళ్ళ కిందటి పాటను దుమ్ము దులిపి, కొత్త ఆల్బమ్ పక్కనే పెట్టి అమ్ముతారా? ఆల్బమ్‌లో ఏం పెట్టాలో, బయట ఏం ఉంచాలో వాళ్ళు తెలిసే ఎంచుకున్నారు.

"నలుగురికీ నచ్చాలని" అన్న ముక్క దగ్గర నాకు నవ్వొస్తుంది. వేరే బ్యాండ్ గురించి అంటే వినేవాడినేమో. ఫుగాజీ షో టికెట్ మామూలుగా 5 డాలర్లు. ఏ వయసువాళ్ళనయినా రానిచ్చేవాళ్ళు, బార్లలో మాదిరి గుమ్మం దగ్గర వయసు అడిగి వెనక్కి పంపడం ఉండేది కాదు. టీషర్టులు అమ్మలేదు. బయట ఎవరో "ఇది ఫుగాజీ టీషర్టు కాదు" అని అచ్చేసి అమ్ముకున్నారు, అది వేరే తమాషా. గుంపులో ఎవడైనా పక్కవాళ్ళను కొడుతుంటే పాట ఆపి, అతన్ని బయటికి పంపి, కవరులో 5 డాలర్లు పెట్టి వాపసు ఇచ్చేవాళ్ళు. రికార్డులన్నీ మకై, జెఫ్ నెల్సన్ కలిసి 1980లో పెట్టిన డిస్‌కోర్డ్ సంస్థ నుంచే వచ్చాయి. 1993లో న్యూయార్క్‌లో షో అయ్యాక అట్లాంటిక్ రికార్డ్స్ స్థాపకుడు అహ్మెట్ ఎర్టెగన్ స్వయంగా వచ్చి తమతో చేరమన్నాడు. అప్పుడు నిర్వాణా బ్యాండ్ హిట్టయిన ఊపులో పెద్ద కంపెనీలన్నీ గిటార్ పట్టినవాడి వెంటపడుతున్నాయి. వీళ్ళు వద్దన్నారు. డబ్బు గుమ్మం ముందుకొచ్చి నిలబడిన రోజు కాదన్నవాళ్ళు, ఎనిమిదేళ్ళ తర్వాత అదే సొంత లేబుల్ మీద, అదే ఇన్నర్ ఇయర్ స్టూడియోలో, అదే రికార్డింగ్ ఇంజనీరు డాన్ జియెంటారాతో కూర్చుని చెల్లో పెట్టి డబ్బు చేసుకోవాలనుకున్నారట!

పెద్ద కంపెనీకి వెళ్ళిన బ్యాండ్ల విషయంలో కూడా ఈ లెక్క కుదరదు. కాలిఫోర్నియా బ్యాండ్ త్రైస్ 2003లో ఐలండ్ రికార్డ్స్ కింద మొదటి ఆల్బమ్ తెచ్చింది. అది వేగం, అరుపులు, గిటార్ హోరుతో నిండిన రికార్డు. అదే కంపెనీలో ఉండగానే 2005లో 'వీషూ' అనే నెమ్మదైన, కీబోర్డుల ఆల్బమ్ చేసి సగం అభిమానులకు చిరాకు తెప్పించారు. తర్వాత కంపెనీ వదిలేసి, వేరే లేబుల్ మీద నిప్పు, నీరు, గాలి, నేల అనే నాలుగు భూతాల పేరుతో నాలుగు ముక్కల రికార్డు చేశారు. అరుపే సరుకుగా అమ్ముడుపోయే రోజులవి. అరుపు తగ్గించడమే వాళ్ళకు రిస్క్.

రాజకీయం పక్కన పెట్టారన్నది అన్నిటికన్నా తప్పు మాట. 1991 జనవరి 12న, గల్ఫ్ యుద్ధం మొదలవడానికి కొన్ని రోజుల ముందు, వైట్ హౌస్ ఎదుట లఫాయెట్ పార్కులో చలిలో వణుకుతూ వాయించిన బ్యాండ్ ఇది. సొంత ఊళ్ళో ఏదో ఒక మంచి పనికి విరాళంగానో, ఉచితంగానో, నిరసనగానో తప్ప దాదాపుగా వాయించలేదు. మరి 'ది ఆర్గ్యుమెంట్'లో ఏముంది? చిన్న పరిచయపు ముక్క అయ్యాక వచ్చే మొదటి పాట 'క్యాష్‌అవుట్'. ఇళ్ళు ఖాళీ చేయించే రోజు పొద్దున మొదలవుతుంది. ఇంటి యజమాని మనుషులు వచ్చి సామాన్లు మోసుకుపోతుంటారు. పేట బాగుపడుతోందని పెద్దమనుషులు చెప్పుకునే పనికి అవతలివైపు ఎలా ఉంటుందో ఆ పాట చూపిస్తుంది. మకై గొంతు మొదట కథ చెబుతున్నట్టు కిందనే ఉంటుంది. ప్రతివాడికీ ఎక్కడో ఓ చోటు కావాలి అనే వాక్యం దగ్గర మాత్రం పైకి లేస్తుంది, లేచి అదే మాట పట్టుకుని వదలదు. అదే పాటను మొదటినుంచీ అరుస్తూ పాడి ఉంటే ఆ సామాన్లు మనకు కనపడేవి కావు. ఇంట్లో రోజూ కేకలేసే మనిషికి పిల్లలు అలవాటు పడిపోతారు. ఎప్పుడూ అరవని మనిషి నెమ్మదిగా రెండు మాటలంటే ఇల్లంతా టెన్షన్.

చివరి పాట 'ఆర్గ్యుమెంట్' ఇంకా నిమ్మళంగా మొదలవుతుంది. పైనుంచి బాంబులు పడుతుంటే కింద జనం చస్తున్నప్పుడు, దానికి నీతులూ న్యాయాలూ వల్లించేవాళ్ళతో ఎన్నటికీ ఒప్పుకోను అంటాడు మకై. రికార్డింగ్ 2001 మొదటి నెలల్లోనే అయిపోయింది, సెప్టెంబరు దాడులకు చాలా ముందు. ఆల్బమ్ దుకాణాలకు వచ్చేసరికి అఫ్గానిస్థాన్ మీద అమెరికా బాంబులు మొదలై తొమ్మిది రోజులు. ఆ వారంలో ఆ పాట వినపడ్డ ఇంట్లో అది మెత్తటి పాటగా వినిపించి ఉంటుందా? మకై అప్పటికి నలభైకి దగ్గర్లో ఉన్నాడు. వయసు గొంతులో కొంచెం తెలుస్తుంది. అది దాచుకోకుండా పాడడం నాకు నచ్చింది. 'నైట్‌షాప్' మాత్రం నాకు ఇప్పటికీ పూర్తిగా ఎక్కలేదు, అది వేరే సంగతి.

"అందుకే ఆగిపోయారు" అంటారా? ఆల్బమ్ తేలిపోయినందుకు ఎవరూ ఆగలేదు. కుటుంబాలు, పిల్లలు, వేరే పనులు మీద పడ్డాయి. లాలీ కొన్నాళ్ళు ఇటలీ వెళ్ళిపోయాడు. మకై, ఎమీ ఫరీనా కలిసి ఇద్దరే వాయించే ఈవెన్స్ పెట్టారు. లాలీ, కాంటీ తర్వాత గిటారిస్టు యాంథొనీ పిరోగ్‌తో మెస్‌థెటిక్స్‌గా మాటల్లేని సంగీతం చేశారు. విడిపోయామని బ్యాండ్ ఇంతవరకూ ప్రకటించలేదు, విరామం అనే అన్నారు. 2011 నుంచి తమ పాత షోల రికార్డింగులు ఒక్కొక్కటిగా నెట్‌లో పెడుతూ వచ్చారు, వందల్లో ఉన్నాయి. 1988 షో ఒకటి, 2002 షో ఒకటి దింపుకుని వింటే ఈ తగువు మీ గదిలోనే తేలిపోతుంది. మొదలుపెట్టినప్పుడు ఒక్కోదానికి వాళ్ళు సూచించిన ధర 5 డాలర్లు.