పేడ లేని మంద

పదిహేడో శతాబ్దపు ఐరోపా చిత్రకారుల మీద ఒక తీవ్రమైన ఆరోపణ చేయదలిచాను. ఆధారాలు మ్యూజియం గోడలకే వేలాడుతున్నాయి.

జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్థిరపడిన చిత్రకారుడు యోహాన్ హైన్రిచ్ రోస్ (1631–1685) సంగతే చూడండి. ఆయన దుకాణంలో ఎక్కువగా దొరికే సరుకు ఒకటే: కూలిన రోమన్ స్తంభాలు, వాటి నీడన పడుకున్న ఆవులు, మేకలు, గొర్రెలు. పైన సాయంత్రపు ఎండ. కాపరికి పనేమీ ఉండదు. గొర్రె ఒంటి మీది ఉన్నిని పోగు పోగునా వేసిన మహానుభావుడు, అన్ని జీవాలు పూటంతా అక్కడే నెమరేస్తుంటే ఒక్క పేడకడి వేయకపోవడమేమిటి? పోనీ, నాలుగు పెంటికలు? ఒక జోరీగ? నేను చూసినంత వరకు నేల పెళ్లివారి వాకిలిలా ఉంది.

శిథిలాలు సామ్రాజ్యాల అనిత్యతకు ప్రతీకలని విమర్శకులు అంటారు. ఒప్పుకున్నాం. సామ్రాజ్యం అనిత్యమే, పేడ మాత్రం నిత్యం కదా!

అదే శతాబ్దపు మరో చిత్రకారుడు క్లోద్ లొరేన్ 1636లో రోమన్ ఫోరంను, అంటే ప్రాచీన రోమ్ నగరపు నడిబొడ్డు మైదానాన్ని, చిత్రించాడు. ఆవులు అక్కడికి ఊహలోంచి రాలేదు. సీజర్లు ఊరేగిన ఆ చోట అప్పట్లో నిజంగానే పశువుల సంత జరిగేది, తోరణాలు సగం దాకా మట్టిలో కూరుకుపోయి ఉండేవి. సంత ముగిశాక నేల ఎలా ఉంటుందో ఎద్దును కొన్నవాణ్ణి ఎవరినడిగినా చెబుతాడు. అయితే క్లోద్ బొమ్మలు కొన్నది ఎద్దులు కొనేవాళ్లు కాదు, పోపులు, కార్డినళ్లు, రాయబారులు. వాళ్లకు పల్లె కావాలి, పల్లె వాసన అక్కర్లేదు. దొరల ముక్కుకు ఏది గిట్టదో తెలియకుండా ఆ రోజుల్లో ఎవరు బతికారు గనుక!

రోస్ గొర్రెలను చూస్తుంటే తానూ గొర్రెనైపోతానేమోనని జర్మన్ మహాకవి గోథేకు భయం వేసేదట, 1824లో తన సహాయకుడు ఎక్కర్‌మన్‌తో అన్నాడు. అందులో భయపడాల్సిందేముందో నాకు అర్థం కాలేదు. ఆ గొర్రెలకు ఉన్ని కత్తిరించరు, వాటిని సంతకు తోలరు, పండక్కి కొయ్యరు. దరఖాస్తు ఫారం దొరికితే నేనే ముందు నిలబడతాను.

రోస్ కొడుకు ఫిలిప్ పేటర్ నిజాయితీపరుడు. రోమ్ దగ్గరి తివోలీలో కాపురం పెట్టి, బొమ్మల కోసం ఇంటినిండా జంతువులనే పెంచాడు. జనం ఆ ఇంటికి నోవహు ఓడ అని పేరు పెట్టారు. ఆయన భార్య కూడా ఒక చిత్రకారుడి కూతురే. పొద్దున్నే ఆ ఓడను ఊడ్చిందెవరన్న వివరం మాత్రం నేను తిరగేసిన ఏ కేటలాగులోనూ లేదు.