కాణిపాకంలో ప్రమాణం, చిత్తూరులో ఇండెక్స్

సర్వర్ మొరాయిస్తే నిజం రాబట్టడానికి మా ప్రాంతంలో ఉన్నంత పటిష్ఠమైన ఏర్పాటు ఇంకెక్కడా లేదు. చిత్తూరు పక్కనే కాణిపాకం. కోనేట్లో మునిగి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ఎదుట అబద్ధమాడే ధైర్యం ఎవరికుంది? అయినా మన ఐటీవాళ్లు స్వామిని వదిలేసి, సర్వర్ తన పనుల చిట్టా రాసుకునే లాగ్ ఫైళ్లను నమ్ముకుంటున్నారు.

మాది ఇంటింటికీ పాలు వేసేవాళ్లకు లెక్కలు చూసిపెట్టే చిన్న ఆఫీసు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అసలుది తిరుపతిలో, దాని నకలు చిత్తూరులో. రెండు సర్వర్లూ అచ్చం ఒకటేనని ఫైల్లో రాసుంది, కింద సంతకాలు కూడా ఉన్నాయి. ఒకరోజు చిత్తూరులో ఒకావిడ పాలు రాలేదని ఫోన్ చేసింది. డోర్ నంబర్ కొడితే అలాంటి ఇల్లే లేదంది కంప్యూటర్. "ముప్పై ఏండ్లుగా ఉండే ఇంటిని లేదంటావేంది నాయనా?" అందావిడ. తిరుపతి సర్వర్‌లో వెతికితే ఇల్లు భేషుగ్గా ఉంది.

మూడు రోజులు మీటింగులు. మొదట నెట్‌వర్క్‌ను తిట్టాం, అది ఆనవాయితీ. తర్వాత రెండు లాగులూ పక్కపక్కన పెట్టాం. తిరుపతి గడియారం మన టైము, చిత్తూరుది యూటీసీ అనే అంతర్జాతీయ టైము, అంటే అయిదున్నర గంటలు వెనక. ఉదయం 8:30కి జరిగిన తప్పు అక్కడ సరిగ్గా 3 గంటలకు, సుప్రభాతం వేళకు జరిగినట్టు పడింది. ఇంకేముంది, నైట్ డ్యూటీ కుర్రాణ్ని పిలిచి చీవాట్లు పెట్టారు. మెమరీలోని సరుకును డిస్కు మీదికి ఎంత తొందరగా తోసెయ్యాలో చెప్పే స్వాపినెస్ అనే సెట్టింగు ఒకచోట 60, ఇంకోచోట 1 అని కూడా బయటపడింది. డోర్ నంబర్లకూ దానికీ ఏ సంబంధమూ లేదు గానీ, ఒక పూట దాని మీదే గడిచింది.

చివరికి అడ్మిన్లు ఇద్దర్నీ కారెక్కించి కాణిపాకం తీసుకెళ్లాం. "నేనేం మార్చలేదు స్వామీ" అని ఇద్దరూ ప్రమాణం చేశారు. చిక్కేమిటంటే, ఇద్దరూ నిజమే చెప్పారు. తిరుపతి ఆయన తన సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్ 9ని ఏళ్ల తరబడి ముట్టుకోలేదు. చిత్తూరు ఆయన ఏదీ మార్చలేదు, కొత్త మెషీన్‌లో మొదటి నుంచీ డెబియన్ 10 వేశాడు, అంతే. వినాయకుణ్ని ఇంత ఇరకాటంలో పెట్టిన కేసు ఇంకోటి ఉండదు.

తిరిగొచ్చాక, కొత్తగా చేరిన అమ్మాయి రెండు సర్వర్లలోనూ 1-1, 11 అనే రెండు ముక్కలు రాసి, వాటిని వరుసలో పెట్టే సార్ట్ కమాండ్ కొట్టింది. తిరుపతిలో 11 ముందొచ్చింది, చిత్తూరులో 1-1 ముందొచ్చింది. అర నిమిషం పట్టలేదు.

డెబియన్‌లో ఏది ముందు, ఏది వెనక అని తేల్చేది జీలిబ్‌సీ అనే లైబ్రరీ. 2018 ఆగస్టులో వచ్చిన దాని 2.28 వెర్షన్‌లో అక్షర క్రమం మారింది. పాతది మొదటి విడతలో గీతను లెక్కచేయకుండా పోలుస్తుంది, కొత్తది గీతను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. డెబియన్ 10లో ఉన్నది ఈ కొత్తదే. మన డోర్ నంబర్లలో గీతలు తప్ప ఏమున్నాయి? మాలాంటి ఏర్పాటులో పోస్ట్‌గ్రెస్ వరుస కోసం ఆపరేటింగ్ సిస్టమ్ మాటే వింటుంది. తిరుపతి వరుసలో కట్టిన ఇండెక్స్, అంటే త్వరగా వెతకడానికి డేటాబేస్ కట్టుకునే వరుస పట్టిక, ఉన్నదున్నట్టు చిత్తూరు చేరితే, అక్కడది తన వరుసలో వెతికి, ఇల్లు లేదని చేతులెత్తేసింది. ఎప్పుడో చేయించిన వెండి కవచం ఇప్పుడు పెరిగిన స్వామికి పట్టదని కాణిపాకంలో చెబుతారు కదా, ఇదీ అదే బాపతు. నకలు సర్వర్ తనంతట తాను ఇండెక్స్ కట్టుకోలేదు కాబట్టి తిరుపతిలోనూ డెబియన్ 10 వేసి, అక్కడే ఇండెక్స్‌ను మళ్లీ కట్టించాం (రీఇండెక్స్). ఆవిడకు పాలు అందాయి.

ఇందులో స్వామి తప్పేమీ లేదు, ప్రమాణం మాటలే సరిగా రాసుకోలేదు. అందుకే "నేనేం మార్చలేదు" బదులు "రెండు చోట్లా నా కళ్లతో చూశాను" అనిపించాలని ఆఫీసులో అర్జీ పెట్టాను. ఆ మాట మీద కోనేట్లో మునగడానికి ఇంతవరకు ఎవరూ పేరివ్వలేదు.