చంద్రగిరిలో కోట ఎక్కడుంది?

గుంటూరు నుంచి వచ్చిన మా చిన్నాన్నను తిరుమల దర్శనానికి ముందురోజు తిరుపతి దగ్గరున్న చంద్రగిరి తీసుకెళ్లాను. టికెట్లు కొన్నాం, రాజమహల్ చూశాం, పచ్చికలో కాసేపు కూర్చున్నాం, ఫొటోలు దిగాం. బయటికి వస్తుంటే ఆయన అడిగారు: "అంతా బాగుందిరా. ఇంతకీ కోటేదీ?" నవ్వొచ్చింది గానీ ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు. వెనకున్న బండరాళ్ల కొండను చూపించాను. మనం ఇంతసేపూ చూసింది కోట నీడలో ఉన్న ఇంటిని అన్నాను.

తిరుపతి వచ్చేవాళ్ల లెక్కలో చంద్రగిరి అంటే టైమ్ పాస్. సాయంత్రానికి టోకెన్ దొరికితే అప్పటిదాకా ఏం చేయాలన్న టెన్షన్‌కు మందు. ఆటో మాట్లాడుకుంటే తిరుచానూరు, శ్రీనివాస మంగాపురం, వాటి నడుమ కోటకు ఓ అరగంట. అది కూడా శుక్రవారం కాకపోతేనే. పురావస్తు శాఖ మ్యూజియానికి ఆ రోజు సెలవు. కొండ మీద శ్రీవారికి అభిషేకం జరిగేది శుక్రవారమే, ఇక్కడేమో తలుపులు మూసి ఉంటాయి.

ఆ అరగంటలో కళ్లకు ఆనేది రాజమహల్ ఒక్కటే. మూడంతస్తుల ఆ కట్టడంలో కొయ్య వాడలేదు. రాయి, ఇటుక, సున్నంతోనే లేపారు. చూడదగ్గదే, కాదనను. కానీ కోట అంటే మేడ కాదు. సుమారు 600 అడుగుల ఎత్తున్న కొండ, దాని దక్షిణపు పాదాన గోడ, గోడ వెలుపల కందకం, లోపల రాజమందిరాలు, పాడుబడ్డ గుళ్లు. ఇవన్నీ కలిస్తేనే కోట. రాజు కాపురం కిందే. కొండ మాత్రం శత్రువు గోడ దాకా వచ్చిన రోజు కోసం. ఈ ఒక్క మాట ఎవరైనా చెబితే సందర్శకుడి చూపు పచ్చిక మీది నుంచి పైకి లేస్తుంది.

చెప్పడానికి కథలకేం కొదవ? క్రీ.శ. 1000 ప్రాంతంలో ఇమ్మడి నరసింగ యాదవరాయలు కట్టించాడని చెప్పే ఈ కోట నుంచే సాళువ నరసింహుడు ఎదిగి విజయనగర సింహాసనం ఎక్కాడు. కృష్ణదేవరాయలు తన తమ్ముడు అచ్యుతరాయలను ఉంచింది ఇక్కడే. 1529లో అన్న పోయాక ఆ తమ్ముడే చక్రవర్తి అయ్యాడు. 1565లో రక్కసి తంగడి (తళ్లికోట) యుద్ధంలో విజయనగరం ఓడాక రాజధాని పెనుకొండకు, ఆ తర్వాత రెండో వేంకటపతి రాయల కాలంలో ఇక్కడికి చేరింది. తిరుమలలో నైవేద్యం గంట మోగితే, ఆ మోత గంట మంటపాల మీదుగా చంద్రగిరికి చేరేదని, అది విన్నాకే రాజు భోజనానికి కూర్చునేవాడని మన పెద్దలు చెబుతారు. నిజమో కాదో గానీ, ఈ కోట ముఖం ఎటు తిరిగి ఉండేదో ఆ కథ చెప్పేస్తుంది.

చిక్కంతా మద్రాసు కథతోనే. 1639లో ఇంగ్లిష్ ఈస్ట్ ఇండియా కంపెనీకి మద్రాసు రాసిచ్చింది ఈ రాజమహల్‌లోనే అని మనవాళ్లు గర్వంగా చెబుతారు. కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ డే బేరం నడిపింది దామర్ల వేంకటాద్రి నాయకుడితో. అప్పుడు చంద్రగిరి గద్దె మీదున్న రాయల కింద తీరంలో అధికారం చెలాయించిన నాయకుడు ఆయన. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం వచ్చింది. సంతకం ఏ గదిలో పడిందన్న దానికన్నా, చక్రవర్తి ఉండగా నాయకుడే బేరం ఎలా నడిపాడన్నది అసలు ముచ్చట. రాజ్యం అప్పటికే ఎంత డొల్లగా ఉందో అందులో తెలిసిపోతుంది. ఏడేళ్లు తిరక్కుండానే, 1646లో, కోట గోల్కొండ సైన్యం చేతికి పోయింది. మనం గర్వపడే ముక్కను ఉంచుకుని, ఆలోచించాల్సిన ముక్కను వదిలేశాం.

అందుకే కోట అభివృద్ధి అనగానే లైటింగులు, పడవ షికార్లు, సెల్ఫీ పాయింట్లు అంటుంటే నాకు విసుగొస్తుంది. డబ్బు పెట్టాల్సింది వేరే చోట. గోడ వెంట నడిచే దారి, అక్కడక్కడా నాలుగు ముక్కల తెలుగులో పలకలు, ఊరి కుర్రాళ్లకు గైడ్లుగా శిక్షణ. ఉదయం చల్లపూట మాత్రమే, చిన్న గుంపులుగా, మనిషి తోడుతో కొండ మీదికి పంపే ఏర్పాటు. బండలు జారేవే, జాగ్రత్త అవసరమే. కానీ వానలో, ఎండలో ఎవరూ ఎక్కకుండా వేళలు పెట్టుకోవడం అంత కష్టమేం కాదు.

ఎవరెక్కుతారండీ అనేవాళ్లు ఉంటారు. ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే శ్రీవారి మెట్టు ఉంది, 2,388 మెట్లు. పసిపిల్లల్ని ఎత్తుకుని, మోకాళ్ల నొప్పులతో గోవింద అంటూ ఎక్కుతున్నారు. మా చిన్నాన్న కూడా మర్నాడు ఆ దారినే ఎక్కారు, మధ్యలో రెండుసార్లు కూర్చుని. దర్శనమయ్యాక కిందికి వచ్చేటప్పుడు బస్సు కిటికీలోంచి చూస్తూ, ఈసారి ఒక రోజు ముందే వస్తాను, ఆ కొండ సంగతేంటో చూద్దాం అన్నారు.

శుక్రవారం మాత్రం పెట్టుకోకండి అన్నాను.