బావి ఒక పద్దులో, కొలను మరో పద్దులో

దక్షిణ స్పెయిన్‌లో గ్వాదల్కివిర్ నది సముద్రంలో కలిసేచోట ఉన్న డొన్యానా చిత్తడి నేలలు ఎందుకు ఎండిపోతున్నాయని అడిగితే వరసగా మూడు జవాబులు వస్తాయి. కరువు, స్ట్రాబెర్రీ తోటలు, దొంగ బోర్లు. మూడూ నిజమే. ఆ మూడింటికీ దారి ఇచ్చిన నాలుగో కారణాన్ని మాత్రం ఎవరూ ముందుకు తేవడం లేదు. ఐరోపాలో నీటిని కాపాడే చట్టం పద్దు ఒకచోట నడుస్తోంది. ఆ నీటి మీద బతికే పక్షులు, కప్పలు, మొక్కల ఆవాసాలను కాపాడే చట్టం పద్దు ఇంకోచోట నడుస్తోంది. ఈ రెండు పద్దులనూ ఒక్క పుస్తకంలో రాయనంతకాలం ఎన్ని కోట్లు పోసినా డొన్యానా నిండదు.

నేపథ్యం తెలిసిందే. ఐరోపా సమాఖ్య చట్టాలైన 1979 నాటి పక్షుల ఆదేశం, 1992 నాటి ఆవాసాల ఆదేశం (ఇక్కడ ఆవాసాల చట్టం అంటాను) కలిసి నాచురా 2000 అనే రక్షిత ప్రాంతాల అల్లికను తెచ్చాయి. 2000లో వచ్చిన నీటి చట్టం నదులు, సరస్సులు, భూగర్భ జలాలు 2015 కల్లా ‘మంచి స్థితి’కి చేరాలంది. మినహాయింపుల పేరుతో ఆ గడువు 2027 దాకా జరిగింది. ఐరోపా పర్యావరణ సంస్థ 2024 నివేదిక ప్రకారం ఉపరితల జలాల్లో పర్యావరణపరంగా బాగున్నవి 37 శాతమే. అదే నివేదికలో భూగర్భ జలాలు మాత్రం పరిమాణం రీత్యా 91 శాతం బాగున్నాయి. రక్షిత ఆవాసాల్లో 81 శాతం బాగా లేవని అదే సంస్థ 2020లో చెప్పింది. ఆ 81 శాతంలో అన్నీ నీటి మీద ఆధారపడినవి కావు, ఒప్పుకుంటాను. అయినా భూమి కింద నీళ్లకు కొదవ లేదని ఒక కాగితం, భూమి మీద బతుకు చితికిపోయిందని మరో కాగితం చెబుతుంటే మొదటి కాగితాన్ని అనుమానించాల్సిందే.

ఆ కాగితం ఎక్కడ తప్పుతుందో తెలియాలంటే డొన్యానా ఇసుక దిబ్బల మధ్య ఉన్న కుంటలను చూడాలి. శీతాకాలపు వానలకు ఇసుక కింద నీటిమట్టం పైకి వచ్చి, పల్లాల్లో కుంటలుగా నిలుస్తుంది. ఎండలు ముదిరేసరికి ఇంకిపోతుంది. ఇలా నిండి ఎండడమే వాటి ప్రత్యేకత. ఏటా ఎండే కుంటలో చేపలు ఉండవు కాబట్టి కప్పలు నిశ్చింతగా గుడ్లు పెడతాయి. ఎండిన బురదలో గుడ్ల రూపంలో ఏళ్ల తరబడి ఓపిక పట్టి, నీరు తగలగానే పుట్టుకొచ్చే చిన్నచిన్న రొయ్యజాతి జీవులూ అక్కడున్నాయి. ఆ కుంట రావాల్సిన దానికంటే నెల ముందే ఇంకిపోతే తోకకప్పకు కాళ్లు రాకముందే తడి ఆరిపోతుంది. ఆ ఏడు ఆ కుంటలో కొత్త తరం లేనట్టే. ఇందుకు బోరు కుంట గట్టునే ఉండనక్కర్లేదు. ఎడంగా ఉన్న తోటల్లో మోటార్లు నడిచినా ఇక్కడ ఇసుక కింద మట్టం దిగుతుంది. మూరెడు దిగితే చాలు.

నీటి అధికారి పుస్తకంలో ఈ మూరెడు కనిపించదు. ఆయన ఒక పెద్ద భూగర్భ జలరాశిని తీసుకుని ఏడాదికి ఎంత ఇంకింది, ఎంత తోడారు అని సగటు చూస్తాడు. భూగర్భ జలానికి పరిమాణం విషయంలో చట్టం ఇచ్చిన తరగతులు రెండే, మంచిది లేదా బాగాలేనిది. సరస్సుల లెక్క ఇంకా విచిత్రం. వాటి పర్యావరణ స్థితిని తేల్చడానికి నాచు, నీటి మొక్కలు, అడుగున బతికే పురుగులు, చేపలను కొలుస్తారు. కప్ప, కొంగ ఆ జాబితాలో లేవు. పైగా ఆ చట్టం సరస్సుల వర్గీకరణ 50 హెక్టార్ల దగ్గర మొదలవుతుంది. అంతకంటే చిన్న కుంటలను విడిగా లెక్కించాలా వద్దా అన్నది ఆయా దేశాల ఇష్టం. ఆవాసాల చట్టానికి వచ్చేసరికి అవే మధ్యధరా తాత్కాలిక కుంటలు అత్యంత ప్రాధాన్యం ఉన్న ఆవాసాలు! ఒక చట్టం నెత్తిన పెట్టుకున్నదాన్ని మరో చట్టం లెక్కలోకి తీసుకోకపోయినా అడిగేవాళ్లు లేరు.

దీని పర్యవసానం 2021 జూన్ 24న లక్సెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానం ఇచ్చిన తీర్పులో కళ్లకు కడుతుంది. డొన్యానా విషయంలో స్పెయిన్ మీద సమాఖ్య కార్యనిర్వాహక విభాగమైన ఐరోపా కమిషన్ వేసిన కేసు అది. నీళ్లు మితిమీరి తోడడం వల్ల భూగర్భ జలాల స్థితి దిగజారిందన్న ఆరోపణను నీటి చట్టం కింద కోర్టు ఒప్పుకోలేదు. అతిగా తోడుతున్నారంటే మంచి స్థితికి చేరలేదని అర్థమే తప్ప, అంతమాత్రాన స్థితి దిగజారినట్టు రుజువు కాదని దాని తర్కం. అవే బోర్లు, అదే నీరు. ఆవాసాల చట్టం కింద మాత్రం 2006 జులై 19 నుంచి స్పెయిన్ తప్పు చేస్తూనే ఉందని అదే కోర్టు తేల్చింది. అంతకన్నా ఘోరమైన విషయం మరొకటి ఆ తీర్పులో ఉంది. గ్వాదల్కివిర్ పరీవాహక ప్రాంతపు 2015-2021 ప్రణాళికలో భూగర్భ జలాల వాడకాన్ని అంచనా వేసేటప్పుడు అక్రమంగా తోడే నీటిని, ఊళ్లకు సరఫరా చేసే నీటిని లెక్కలో చేర్చలేదు. దొంగ బోరు అక్రమం కాబట్టి అది తోడిన నీరు కాగితం మీద లేదు. కుంటలో మాత్రం తగ్గిపోయింది. తీర్పు తర్వాత 2022, 2023 వేసవుల్లో డొన్యానాలోని అతి పెద్ద శాశ్వత సరస్సు సాంతా ఒలాయా కూడా వరసగా ఎండింది.

కొత్త చట్టం కావాలని నేను అడగడం లేదు. ఉన్న చట్టంలోనే ఆయుధం ఉంది. నీటి చట్టం నాలుగో అధికరణం ప్రకారం రక్షిత ప్రాంతాల లక్ష్యాలు కూడా 2015 కల్లా నెరవేరాలి. ఒకే నీటికి రెండు లక్ష్యాలుంటే కఠినమైనదే చెల్లుతుంది. ఐదో అనుబంధం ఇంకో అడుగు ముందుకేసి, భూగర్భ జలం మీద నేరుగా ఆధారపడిన ఆవాసాలకు గణనీయమైన నష్టం జరిగితే ఆ జలం పరిమాణం మంచి స్థితిలో లేనట్టేనంటుంది. దీని బలం గమనించండి. ఆవాసాల చట్టానికి కోరలున్నాయి గానీ గడియారం లేదు. ఫలానా ఏడాదికల్లా కుంట కోలుకోవాలని అది ఎక్కడా చెప్పదు. నీటి చట్టానికి గడియారం ఉంది. రెండూ కలిపి చదివితే కుంటకు తేదీతో సహా హక్కు వస్తుంది. అప్పుడు లెక్క తలకిందులవుతుంది. తోటలకు ఎంత కావాలో చూసి మిగిలింది కుంటకు వదలడం పోయి, కుంటకు ఏ నెలలో ఏ మట్టం కావాలో ముందు రాసి, ఆ తర్వాత మిగిలిందే తోటలకు పంచాల్సి వస్తుంది. ఇంత స్పష్టంగా ఉన్న మాటను పావు శతాబ్దంగా ఎవరూ గట్టిగా అమలు చేయకపోవడం నాకు మింగుడు పడదు.

ఎదుటివాళ్ల వాదనలో పస లేదని అనను. స్పెయిన్ స్ట్రాబెర్రీల్లో 90 శాతానికి పైగా పండేది డొన్యానా చుట్టుపక్కల ఉన్న వెల్వా ప్రాంతంలోనే. వేలాది కుటుంబాల కూడు అది. రెండు చట్టాలు ఒక్కోచోట నిజంగానే ఢీకొంటాయి కూడా. చేపల రాకపోకల కోసం పాత ఆనకట్ట తీసేస్తే దాని వెనక ఏర్పడిన మడుగు, అందులోని రక్షిత జీవులు పోతాయి. రెండు శాఖలు వేర్వేరు పుస్తకాలు పెట్టుకుంటే ఈ తగవు మరింత ముదురుతుంది తప్ప తీరదు.

స్పెయిన్‌లో వేర్వేరు శాఖలే కాదు, వేర్వేరు ప్రభుత్వాలే ఉన్నాయి. గ్వాదల్కివిర్ నీటి సంస్థ కేంద్రం కింద ఉంటుంది. జాతీయ పార్కు అండలూసియా ప్రాంతీయ ప్రభుత్వం చేతిలో ఉంది. 2023లో ఆ ప్రాంతీయ ప్రభుత్వమే డొన్యానా చుట్టూ సాగునీటి హక్కులు పెంచే బిల్లుకు మద్దతిచ్చింది. లొల్లి అయ్యాక నవంబర్‌లో కేంద్రం, ప్రాంతీయ ప్రభుత్వం 140 కోట్ల యూరోల ఒప్పందానికి వచ్చాయి. నీటి ప్రణాళికలకు ఆరేళ్ల చక్రం, ఆవాసాల నివేదికలకూ ఆరేళ్ల చక్రం. నీటి ప్రణాళిక 2022-2027ది, ఆవాసాల నివేదిక 2019-2024ది. రెండు చక్రాలూ ఒకేసారి మొదలవ్వకపోతే ఒకదాని కొలతలు ఇంకోదానికి పాతబడే అందుతాయి.

ఇదంతా తవ్వుతూ పోతే అడుగున తేలేది ఒకే నమ్మకం: నేల ఎవరిదో కింది నీరూ వాళ్లదే. స్పెయిన్‌లో 1985 జల చట్టం వచ్చేదాకా భూగర్భ జలం సొంత ఆస్తే. చట్టం మారినా పాత హక్కులు కొనసాగాయి. మన దగ్గర 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం భూయజమానికి ఇచ్చిన హక్కు ఇదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లో తెచ్చిన వాల్టా చట్టం పేరులోనే నీరు, భూమి, చెట్టు మూడూ ఉన్నాయి. ఆలోచన గొప్పది. కానీ బోరు అనుమతి మీద మన చర్చ ఇప్పటికీ పక్క బోరుకు ఎంత దూరం అన్న దగ్గరే ఆగుతుంది. ఆ నీటితో నిండే కుంట ఏదని అడిగేవాళ్లు తక్కువ. రైతుకూ రైతుకూ మధ్య తగవుగా చూసినంతకాలం భూగర్భ జలం అటో ఇటో రైతుకే పోతుంది. కుంట తరఫున వకాల్తా పుచ్చుకునే వాళ్లుండరు.

ఐరోపాకు ఇప్పుడు రెండు తేదీలున్నాయి. 2024 ఆగస్టులో అమల్లోకి వచ్చిన ప్రకృతి పునరుద్ధరణ చట్టం కింద 2026 సెప్టెంబర్ 1 కల్లా ప్రతి దేశం జాతీయ ప్రణాళిక ముసాయిదా ఇవ్వాలి. 2027 చివరికి కొత్త నీటి ప్రణాళికలు రావాలి. ఈ రెంటినీ ఒకే బల్ల మీద, ఒకే అంకెలతో రాయాలి. నీటితో బతికే ప్రతి నాచురా ప్రాంతానికీ నెలవారీ మట్టం ఎంతో మొదటి పేజీలోనే ఉండాలి. ఆ మట్టం తగ్గిన నెలలో ఏయే బోర్ల అనుమతులు ఆగిపోతాయో రెండో పేజీలో ఉండాలి. దొంగ బోర్లు తోడే నీటి అంచనా కూడా అదే పేజీలో ఉండాలి. ఈ రెండు పేజీలు లేని ప్రణాళికను కమిషన్ వెనక్కి పంపాలి, పంపకపోతే పౌర సంఘాలు కోర్టుకెక్కాలి.